షీల్డ్ లేని మిషన్ పక్కన ఉయ్యాల

1984 వేసవిలో రాజమండ్రిలోని ఒక ప్లాస్టిక్ కవర్ల కార్ఖానా నుంచి నాకు కబురొచ్చింది. అప్పటికి పన్నెండేళ్లుగా రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగు చేస్తున్నాను. నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగిలిన విద్యంతా గ్రంథాలయంలో డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు పత్రికల్లోంచి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నదే. అది చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది.

చెడిపోయింది హై ఫ్రీక్వెన్సీ వెల్డింగ్ మిషన్. రెండు ప్లాస్టిక్ షీట్లు అచ్చు కింద పెట్టి పెడల్ తొక్కితే, రేడియో తరంగాలు పుట్టించే వేడికి అంచులు కరిగి అతుక్కుంటాయి. రేషన్ కార్డుల కవర్లు అలాగే తయారవుతాయి. ఆ తరంగాలు బయటికి చెదరకుండా అచ్చు చుట్టూ ఒక రేకు తొడుగు ఉండాలి. దాన్ని షీల్డ్ అంటారు. అక్కడ అది లేదు. కవరు కవరుకీ ఎత్తి దించాల్సి వస్తోందనీ పని సాగడం లేదనీ విప్పి అటకెక్కించారు.

మిషన్ మీద పనిచేసేది సత్తెమ్మ. గోదావరిలో చేపలు పట్టే కుటుంబం. భర్త పోయాక ఈ పనిలో చేరింది. ఇంట్లో చూసేవాళ్లు లేక మూడేళ్ల కూతురు దుర్గను వెంట తెచ్చుకునేది. మిషన్‌కు చేతికందే దూరంలో, దూలానికి కట్టిన చీర ఉయ్యాలే ఆ పిల్ల ఇల్లు.

నేను తరంగాలు పుట్టించే పెద్ద రేడియో వాల్వు మార్చి, మిషన్ ఆన్ చేశాను. సత్తెమ్మ మాడిపోయిన ట్యూబ్‌లైటు ఒకటి ఉయ్యాల దగ్గర పట్టుకుని పెడల్ తొక్కింది. ఏ తీగా లేకుండానే ట్యూబ్ తెల్లగా వెలిగింది. దుర్గ చప్పట్లు కొట్టింది.

"ఇది చూపిత్తేనే ముద్ద మింగుద్దండి," అంది సత్తెమ్మ నవ్వుతూ.

ట్యూబ్‌ను వెలిగిస్తున్నది ఆ పిల్ల ఒంట్లోంచి కూడా పోతోంది.

షావుకారు సుబ్బారావు గారి దగ్గరికి వెళ్లాను. "షీల్డ్ బిగించేద్దామండి. ఈ తరంగాలు పిల్లకి మంచివి కావు."

"రేడియో తరంగాలు మా ఇంట్లోంచీ పోతున్నాయి కదండీ! రోజూ పొద్దున్నే భక్తి పాటలు విని మా ఆవిడకేమన్నా అయ్యిందా?"

గుమస్తాలు నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. నోటుబుక్కు తీసి చదవడం మొదలుపెట్టాను. ఇవి ఒంటిని లోపలినుంచి వేడెక్కిస్తాయనీ, కళ్లకు ప్రమాదమనీ, ఎదిగే పిల్లల మీద ఏళ్ల తరబడి పడితే ఏమవుతుందో ఇంకా ఎవరికీ తెలియదనీ చదివాను. పనివాళ్లు చుట్టూ మూగారు. అంతమంది వింటుంటే నాకు ఇంకా ఊపొచ్చింది. "రేపు ఆ పిల్లకేమన్నా అయితే మీ మెడకే చుట్టుకుంటుందండీ," అన్నాను.

షావుకారు గారి నవ్వు ఆగిపోయింది. గెలిచాననుకున్నాను.

నెల తిరక్కుండా అచ్చు బిగించడానికి మళ్లీ పిలిచారు. షీల్డ్ అటక మీదే ఉంది. ఉయ్యాల లేదు. మిషన్ ముందు ఎవరో కొత్త అమ్మాయి కూర్చుని ఉంది.

"పిల్లల్తో లోపలికి రావద్దన్నానండి. మీరు చెప్పినట్టే చేశాం," అన్నారు షావుకారు గారు, నాకేదో మేలు చేసినట్టు.

సత్తెమ్మ చేపల బజారులో కనిపించింది. బుట్ట ముందు ఎండలో కూర్చుంది. దుర్గ ఆమె కొంగు కింద నిద్రపోతోంది.

"షీల్డ్ పెట్టమనే చెప్పానమ్మా," అన్నాను.

"ఏవవుద్దో తెలీదని మీరే చదివారంట కదండీ?"

"అవును. కానీ..."

"తెలీనిదానికి నా కూడు తీసేశారేంటండీ బాబూ? నీడ పట్టున పడుకునేది నా పిల్ల. ఇప్పుడు చూడండి."

ఆ తరంగాలు దుర్గకు హాని చేశాయో లేదో నాకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. నేను భయపడింది తప్పని మాత్రం ఒప్పుకోను. తప్పు ఇంకోచోట జరిగింది.

ఆ మిషన్‌కి వాల్వు మార్చడం వచ్చినవాణ్ని అప్పట్లో ఆ చుట్టుపక్కల నేనొక్కణ్నే. ఆ వేళ కవర్ల ఆర్డరు తొందరలో షావుకారు గారు నా కోసం రెండుసార్లు మనిషిని పంపారు. షీల్డ్ బిగిస్తేనే మిషన్ నడిపిస్తానని పనిలో చెయ్యి పెట్టకముందే ఒక్క మాట అని ఉంటే, విసుక్కుంటూనైనా అటక మీంచి దింపించేవారు. తల్లీ పిల్లా అక్కడే ఉండేవారు. నేను మిషన్ బాగు చేసిచ్చేసి, ఆ తర్వాత ఉపన్యాసం ఇచ్చాను.