నాయిన హుకుం, అమ్మ కుక్క

మా నాయిన కల్హేర్ దిక్కు ఒక పల్లెకు పోలీస్ పటేల్. నిజాం సర్కారు నడుస్తున్న కాలం. ఒకసారి నారాయణఖేడ్ కచేరిల తహసీల్దారు దొర కుర్చీ పక్కన సీమకుక్కను చూసొచ్చిండు. దొర 'బైఠో' అంటే కూసుంటదట, 'ఆవో' అంటే వస్తదట. ఇగ మా నాయినకు మనసు నిలువలే. "కుక్కే మాట వినని పటేల్ మాట ఊరు వింటదా?" అనుకుంట వారం తిరగకముందే ఒక ఊరకుక్క పిల్లను తెచ్చిండు.

తెచ్చినంక కాయిదా పెట్టిండు. "ఎవని ఉప్పు తింటే వానికే విశ్వాసం. నేను తప్ప దానికి ఎవ్వరు రొట్టె వెయ్యొద్దు." పొద్దుగాల జొన్నరొట్టె తుంచి దూరంకెల్లి ఇసిరేసుడు, ఉర్దూల రెండు హుకుములు ఇచ్చుడు, రుమాలు సుట్టుకొని చావడికి పోవుడు. తెలుగుల చెప్తే కుక్కకు భయముండదని ఆయన నమ్మకం. గా ఉర్దూ ఆయనకే సగం రాదు, కుక్కకేం వస్తది!

రొట్టె తిన్న కుక్క సక్కగ లోపలికొచ్చి అమ్మ ఇసుర్రాయి పక్కన పండుకునేది. మా అమ్మ బీదర్ దిక్కు కన్నడపు పిల్ల. నాయినేమో ఇంట్ల గూడ పటేలే, ఆమెతోని కూసుండి మాట్లాడేటోళ్లు లేరు. జొన్నలు ఇసురుకుంట ఆమె కుక్కతోనే ముచ్చట పెట్టేది. పుట్టింటి బాయి, చెల్లె పెండ్లి, నడుం నొప్పి, అన్ని చెప్పేది. అది ఆమె మోకాలి మీద మూతి పెట్టి వినేది. మా అమ్మ నవ్వంగ నేను చూసింది గప్పుడే.

ఊర్లు తనిఖీ చేసుకుంట దౌరాకొచ్చిన తహసీల్దారు ఒకనాడు మా అరుగు మీద చాయ్ తాగుతుండు. నాయిన మీసం దువ్వి "ఆవో!" అన్నడు. కుక్క ఆవులించింది. "బైఠో!" అన్నడు. లేచి నిలవడ్డది. అంతల లోపల ఇసుర్రాయి చప్పుడైంది, కుక్క దొర చాయ్ ఒలకబోసుకుంట లోపలికి ఉరికింది. నాయిన మొఖం మాడిన రొట్టె లెక్కయింది. దొర పడిపడి నవ్వి, "నా దగ్గరికి పంపు పటేల్, అదబ్, మర్యాద నేర్పిస్త" అన్నడు.

"హాజిర్ సర్కార్!" అని నాయిన ఎంటనే ఒప్పుకున్నడు.

కుక్కను అడగలే, అమ్మను అసలే అడగలే. దొరెంట వచ్చిన చప్రాసీ తాడేసి గుంజుకపోతుంటే అమ్మ తలుపు సాటున కొంగు నోట్ల కుక్కుకున్నది. నాకు నాయిన మీద పుట్టెడు కోపమొచ్చింది. ఆనాటి సంది ఇసుర్రాయి తిరిగింది గని, అమ్మ నోరు తెరవలే.

కొన్నాళ్లకు కచేరికెల్లి కబురొచ్చింది. కుక్క ముద్ద ముడుతలేదు, జల్దీ రమ్మని. "నా చెయ్యి లేంది అదెట్ల తింటది!" అని నాయిన మురిసిపోయి బండి కట్టిండు. ఆడ రొట్టె నోటికాడ పెడితే కుక్క మొఖం తిప్పుకున్నదట. "మాలిక్‌ను గుర్తుపట్టని కుక్క నాకెందుకు, తీస్కపో" అని దొర ఎల్లగొట్టిండట.

బండి వాకిట్ల ఆగంగనే, బొక్కలు తేలిన ఆ కుక్క దుంకి ఉరికి అమ్మ ఒళ్లె వడ్డది. అమ్మ ఏడుస్తుంది, నవ్వుతుంది. నాయిన తలుపు కడప కాడ నిలవడ్డడు.

"ఏం మందు పెట్టినవే దీనికి? రోజు దీంతోని ఏం మాట్లాడుతవ్?"

అమ్మ తలెత్తలే. కుక్క వీపు నిమురుకుంటనే అన్నది.

"మీతోని మాట్లాడాలనుకున్నయే."

నాయిన ఆ కడప మీదనే కూసున్నడు. ఆయనకు ఎవ్వరు 'బైఠో' అనలే.