బెంచీ మీద కంప్యూటర్

మా కంప్యూటర్‌కి సాయంత్రం ఆరు దాటితే ఆకలేసేది. ఏడయ్యేసరికి దాని కుడి చివర ఆవలింతలు మొదలయ్యేవి. ఇంకాసేపు లెక్క సాగితే మధ్య భాగం లేచి నిలబడి, "సారూ, చీపురుపల్లి పాసింజరు ఎల్లిపోతాది" అనేది. అంతటితో ఆ రోజుకి గణితం సమాప్తం.

అరవైల చివర్లో విజయనగరంలో ఒక చిన్న కాలేజీవాళ్ళు సాయంత్రం పూట రెండేళ్ల కంప్యూటర్ కోర్సు పెట్టారు. మాస్టారు మా వైపు మనిషే. కలకత్తాలో ఒక పెద్ద ఆఫీసులో అలాంటి మెషీను దగ్గర పనిచేసి, రిటైరై వచ్చారు. మెషీను కొంటామని కాలేజీవాళ్ళు ఆయనకు చెప్పారు. "దారిలో ఉన్నాదిరా, వస్తాది" అని ఆయన మాకు చెప్పేవారు. ఏ దారిలో ఉందో గానీ మా గుమ్మం వైపు మాత్రం రాలేదు. చూసి చూసి ఆయన మమ్మల్నే బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి మెషీను చేసేశారు.

మొదటివాడు చీటీ మీదున్న ఆజ్ఞ పైకి చదువుతాడు. రెండోవాడు పలక మీద కూడికలూ తీసివేతలూ చేస్తాడు. చివరివాడు జవాబు బోర్డు మీద రాస్తాడు. మధ్యలో మిగిలిన మూడోవాణ్ణి నేను. అంకెలు దాచడం నా పని.

నిజానికి ఆ కోర్సుకి స్కూలు ఫైనలు ప్యాసై ఉండాలి. నేను ఎనిమిదిలోనే బడికి దండం పెట్టేశాను. నేను పనిచేసే టింబరు డిపో నుంచి కిటికీ చెక్కలు దింపడానికి ఆ కాలేజీకి వెళ్లాను, అంతే. అప్పటికి కోర్సులో చేరినవాళ్ళు ముగ్గురు. మెషీనుకి నలుగురు కావాలి.

"లెక్కలొస్తాయేట్రా?" అన్నారు మాస్టారు.

"దుంగకెన్ని సెక్కలొస్తాయో సెప్పగల్ను సార్."

"దాసడం వస్తాదా?"

"నాకాడ దాసుకోడానికేటీ నేదు గానీ, ఇస్తే దాస్తాను."

"అయితే కూసో" అన్నారు. అలా నేను కాలేజీ చదువులో పడ్డాను.

నా చొక్కాకి రెండు జేబులు, నిక్కరుకి రెండు. వాటికి మాస్టారు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పేర్లు పెట్టారు. "రెండో జేబులో ఉంచు" అంటే చీటీ అందులో పెట్టాలి. "రెండో జేబులోది తియ్యి" అంటే తియ్యాలి. అడిగితే తప్ప నోరు తెరవకూడదు. నాలాంటివాణ్ణి పట్టుకుని మాట్లాడకూడదనడం కంటే పెద్ద శిక్ష లేదు. నేను ఊరుకునేవాణ్ణి కాదు. పలకవాడి చెవిలో ఏదో ఒకటి ఊదేవాణ్ణి. వాడు కిసుక్కుమనేవాడు, కూడిక తప్పేది. "మిషను నవ్వదురా!" అని మాస్టారు బెత్తం లేని చెయ్యి ఊపేవారు.

ఒకసారి మూడో జేబులోది తియ్యమంటే తీసిచ్చాను. పలకవాడు కూడాడు, చివరివాడు రాశాడు. బోర్డు మీద పట్టనంత అంకె వచ్చింది. నేనిచ్చింది శృంగవరపుకోట బస్సు టిక్కెట్టు. పలకవాడు దాని నంబరు శ్రద్ధగా కూడాడు. మాస్టారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, కుర్చీలో కూలబడి నవ్వారు. "పలకది తప్పు కాదు. ఏటి ఇస్తే అదే కూడుతాది. కలకత్తాలో పెద్ద మిషనూ ఇంతే!" ఆ రోజు నేర్చుకున్నంత కంప్యూటర్ నేను మరి ఏ రోజూ నేర్చుకోలేదు.

పగలు డిపోలో కోత మిషను మోతలో ఒకడి మాట ఒకడికి వినబడదు. పొద్దు వాలితే పనివాళ్ళు ఒంటి మీది రంపపు పొట్టు దులుపుకుని ఇళ్లకు పోయేవారు. నా ఇల్లు ఆ డిపో వెనక గదే. శృంగవరపుకోట అవతల మా ఊరైతే ఉంది గానీ, వచ్చావా అని అడిగేవాళ్ళు లేరు. పొద్దున తోచిన హాస్యాన్ని సాయంత్రం దాకా నోట్లో నానబెట్టుకుని బెంచీ దగ్గరకు పరిగెత్తేవాణ్ణి. అంత పట్నంలో నా పక్కన మనుషులు కూర్చునే చోటు అదొక్కటే.

మొదటి ఏడాది సగంలో, ఆజ్ఞలు చదివేవాడికి ఏజెన్సీలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. తరవాత బోర్డు మీద రాసేవాడు పెళ్లి చేసుకుని పార్వతీపురంలో మావగారి కొట్లో కూర్చున్నాడు. ఆజ్ఞలు మాస్టారే చదివారు. బోర్డు నాకిచ్చారు. పలకవాడూ నేనూ మిగిలాం. వాడిది చీపురుపల్లి. చుట్టరికం ఏమీ లేదు, మొదటి రోజే నేను బావా అన్నాను, వాడూ అన్నాడు. రోజూ క్లాసయ్యాక వాణ్ణి రైలెక్కించేదాకా వాగుతూ స్టేషనుకి నడిచేవాణ్ణి.

ఏడాది చివర ప్రిన్సిపాలు మాస్టారితో ఖచ్చితంగా చెప్పేశారు, ఇద్దరుంటేనే రెండో ఏడు, ఒక్కడి కోసం గది తెరవం అని. మాస్టారు ఆ మాట మాకు చెప్పి, "మీరిద్దరూ ఉన్నారు గదా" అని సుద్దముక్క అందుకున్నారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ప్లాటుఫారం మీద బావ నా మొహం చూడకుండా అన్నాడు.

"ఇశాపట్నం పోర్టు నుంచి కబురొచ్చింది బావా. గుమస్తా పని. సోమారం సేరాల."

"మరి రెండో ఏడు?"

"అదే సెప్తన్నాను. నువ్వు వద్దంటే ఎల్లను."

హాస్యానికి అన్న మాట కాదు. వద్దంటే నిజంగా ఉండిపోయేవాడు. నాకు భయం వేసింది కూడా అందుకే. రైలు కూత దూరంగా వినబడింది.

"నీ కూడికలకి ఓడలు మునిగిపోతాయేమోనని నా బెంగ గానీ, ఎల్లు బావా" అన్నాను.

"ఎదవా! నిజంగా ఎల్లమంటావా?"

"ఎల్లక, ఇక్కడ పలక అరగదీస్తావేటి?"

వాడు రైలెక్కి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సదువు మాత్రం మానకు."

"నేనెందుకు మాన్తానురా? అదే నన్ను మానేస్తాది."

వాడితోపాటు ఎదుటి సీటు ముసలాయన కూడా పగలబడి నవ్వాడు. రైలు కదిలింది. ఆ రోజు నా నోటికి ఏ మాట వచ్చినా పేలుతూనే ఉంది. ఒక్కటి పేలకుండా ఉంటే బావుండునని మొదటిసారి అనిపించింది.

సోమవారం నాడు కాలేజీకి వెళ్లేసరికి మాస్టారు గదిలో ఒక్కరే ఉన్నారు. బోర్డు తుడిచేసి ఉంది. నేను బెంచీ మీద నా చోట్లోనే కూర్చున్నాను. పక్కకు జరగడానికి బోలెడంత జాగా ఉన్నా జరగలేదు.

"ఒక్కడితో అవదురా" అన్నారు. "తాళం ఇచ్చెయ్యమన్నారు."

ఇద్దరం కిటికీలు మూశాం. అవి మా డిపో చెక్కలే, వానకి ఉబ్బి గడియ పడలేదు. భుజం ఆనించి నేను నెడితే ఆయన వేశారు. గంటస్తంభం దాకా కలిసి నడిచాం. మాస్టారి ఇల్లు ఒక వైపు, డిపో ఇంకో వైపు. విడిపోయే చోట ఆయన ఆగారు.

"అవునురా, ఇంటికాడ ఎవులున్నారు నీకు?"

ఏడాదిలో ఆయన నన్ను అడిగిన సొంత ప్రశ్న అదొక్కటే.

"నేనున్నాను గద సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసేసి, రిక్షాల మధ్య నుంచి వాళ్ళ వీధిలోకి నడిచి వెళ్లిపోయారు. నేను డిపోకి వచ్చేశాను. గది తలుపు తీసి, ఎందుకో వెంటనే లోపలికి వెళ్లబుద్ధి కాక, బయట దుంగ మీద చాలాసేపు కూర్చున్నాను.