గేమ్ సెంటర్‌లో నాలుగో కంప్యూటర్

తాండూరులో ఐమన్ గేమ్ సెంటర్ ఎక్కడంటే కాలేజీ పిల్లలు ఎవరైనా చూపిస్తారు. పెళ్లికి ముందు ఆమె వికారాబాద్‌లో కంప్యూటర్ రిపేరు నేర్చుకుంది. పెళ్లయ్యాక, భర్త ముక్తార్ నాపరాళ్ల పాలిష్ కార్ఖానాను ఆనుకుని ఉన్న గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టింది.

ఐమన్ ఎవరినీ తొందరగా నమ్మదు. పాత సామాను అమ్మవచ్చిన వాళ్ల ముందే డబ్బా విప్పి, స్క్రూల మీద గాట్లు చూసి, "ఇంతకుముందే ఎవరో విప్పిన్రు" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఆమె నమ్మి కంప్యూటర్ అప్పగించే మనిషి ఒక్క మల్లేశ్వరే. ధారూర్ దగ్గర మేకలు కాసే ఇంట పుట్టినవాడు. ఆమెతో పాటే పని నేర్చుకుని వికారాబాద్‌లో దుకాణం పెట్టాడు. ఆమెను అక్కగా భావించి "ఆపా" అని పిలుస్తాడు.

ఎండాకాలంలో నాలుగో కంప్యూటర్ పవర్ సప్లై కాలిపోతే అతనే కొత్తది వేసి పంపాడు. వారం తిరక్కుండా ప్రణయ్ కుర్చీలోంచి అరిచాడు. వికారాబాద్ నుంచి రైల్లో కాలేజీకి వచ్చే పిల్లవాడు.

"అక్కా, గీ సిస్టమ్ల ఆట అటకాయిస్తుంది. మలుపుల కారు ఆగి ఆగి దుంకుతుంది."

ఐమన్ కూర్చుని చూసింది. నిజమే.

"మీ వికారాబాదోళ్లు మస్తు హుషార్. నా మంచి గ్రాఫిక్స్ కార్డు తీస్కొని అరిగిపోయింది పెట్టినట్టున్నరు" అనేసింది.

ఒకసారి పైకి అన్నాక అనుమానం ఊరుకోలేదు. ఆ చిన్న పనికి అన్ని రోజులెందుకు పట్టింది? ఎప్పుడూ తనే తెచ్చేవాడు, ఈసారి వేరేవాళ్లతో ఎందుకు పంపాడు?

తెర మీద బొమ్మలు గీసే ఆ కార్డు తీసి, దాని నంబరు కొన్నప్పటి అట్టపెట్టె మీది నంబరుతో పోల్చింది. రెండూ ఒకటే. అయినా మనసు ఒప్పలేదు. స్టిక్కర్ మార్చడం ఎంతసేపు?

ఆటలో బొమ్మల నాణ్యత పూర్తిగా తగ్గించి చూసింది. కార్డే బలహీనమైతే బరువు తగ్గాక ఆట సాఫీగా నడవాలి. నడవలేదు. ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే అంకెలు తెర మూలన పెట్టుకుని మళ్లీ ఆడింది. కారు ఆగిన ప్రతిసారీ కార్డు పని లేక ఊరికే కూర్చుంటోంది. దానికి పని అందించాల్సిన ప్రాసెసర్ మాత్రం పొయ్యిలా కాగి, తన వేగం తనే తగ్గించుకుంటోంది.

డబ్బా పక్క రేకు విప్పింది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద సందులన్నీ తెల్లటి రాతిపొడితో పూడుకుపోయి ఉన్నాయి. తల తిప్పి చూస్తే ఆ కంప్యూటర్ వెనకే కిటికీ. కిటికీ అవతల, ముక్తార్ ఈ మధ్యే జరిపి పెట్టిన రాయి కోసే మిషను.

"దొంగ దొరికిండా?" అన్నాడు ముక్తార్ లోపలికొస్తూ.

"దొరికిండు. నీ మిషినే."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది. పొడి దులిపి, వేడిని లాగేసే కొత్త పేస్టు రాసి బిగిస్తే ఆట నీళ్లలా నడిచింది. మిషను అటు పక్కకు జరిపించింది. మర్నాడు రైలెక్కి వికారాబాద్ వెళ్లింది.

మల్లేశ్వర్ తలెత్తకుండానే అడిగాడు. "కార్డు మంచిగనే ఉన్నదా, ఆపా?"

ప్రణయ్ ద్వారా మాట ముందే చేరిందన్నమాట. ఐమన్ నిలబడే చెప్పింది. "తప్పయింది, మల్లేశ్. ఆ మాట అన్న కాడనే, అందరి ముంగట చెప్త."

"నువ్వు చెప్తవని తెల్సు." అతను చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "మా నాయన ఊరోళ్ల మేకలు కాసేటోడు. మందల ఒక్కటి కనవడకపోతే మొదలు మా ఇంట్లకే వచ్చి చూసేటోళ్లు. నీ కాడ గా ఫికర్ లేదనుకున్న."

చాయ్ వచ్చింది. తాగి ఐమన్ తాండూరు రైలెక్కింది.

తిరిగొచ్చి ప్రణయ్‌కీ, మిగతా పిల్లలకూ జరిగింది జరిగినట్టు చెప్పింది. మల్లేశ్వర్ ఆమె పని మానలేదు, ఆపా అనడమూ మానలేదు. కానీ ఇప్పుడు కంప్యూటర్ తీసుకెళితే స్టూలు జరిపి ఎదురుగా కూర్చోమంటాడు. విప్పిన ప్రతి భాగాన్నీ ఆమె వైపు తిప్పి నంబరు పైకి చదువుతాడు.

"ఇగ చాల్తియ్, మల్లేశ్" అంటుంది ఐమన్.

అతను వినిపించుకోడు. తర్వాతి నంబరు చదువుతాడు.