ఎదుటి కుర్చీలో హెల్మెట్

పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేనేజరుగా చేస్తున్నాను. ఈ నెలలో ఇద్దరు ఆడవాళ్లు చెప్పాపెట్టకుండా పని మానేశారు. పైవాళ్లు నన్ను రెండు రోజుల శిక్షణకు పంపారు. గది తలుపు ఎప్పుడూ తీసి ఉంచండి, మనుషులు వాళ్లే వచ్చి కష్టం చెప్పుకుంటారు అన్నారక్కడ. పదిహేను రోజులుగా తీసే ఉంచాను. దోమలు తప్ప ఎవరూ రాలేదు.

ఈ సాయంత్రం కాయలు ఏరే మునెమ్మక్క షెడ్డు తాళాలు ఇవ్వడానికి వచ్చింది. తలుపు తీసే ఉన్నా ఎవరూ ఏమీ చెప్పరెందుకని అడిగాను. ఆమె నా ఎదుటి కుర్చీ వైపు చూసింది.

"యాడ కూసోని సెప్పేది సార్? ఆడ మీ హెల్మెట్టు ఉండాది. నిలబడుకోని సెప్తే అడుక్కున్నట్టు ఉంటాది."

హెల్మెట్ తీసి కింద పెట్టాను. ఆమె కొంగుతో కుర్చీ తుడిచి కూర్చుంది. మానేసిన ఇద్దరూ అంతకు ముందు వేర్వేరు రోజుల్లో నా గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోయారని అప్పుడు చెప్పింది. రెండుసార్లూ నేను ఫోన్‌లో ఉన్నానట.

తలుపు గురించి రెండు రోజులు పాఠం చెప్పినవాళ్లు కుర్చీ మాటే ఎత్తలేదు. నాకైనా తట్టాలి కదా. మీ ఎదుటి కుర్చీలో ఏం కూర్చుని ఉందో, రేపు పొద్దున ఒకసారి చూసి చెప్పండి.