పాటలో ఆమె ఆగిన చోటు

పొద్దున నారు కట్టలు వేసుకుని ఒక టెంపో మా వీధిలోంచి పోయింది. వేళ్ల బురదా పచ్చి ఆకూ కలిసిన ఆ వాసన, హిందీ రాష్ట్రం అంచునున్న మా కొంటాలో వానాకాలమంతా ఉండేదే, కొత్తేమీ కాదు. అయినా టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది వరి కాదు, ఒక గొంతు. లచ్చమ్మక్క గొంతు. మీరెవరూ ఆమెను విని ఉండరు. విన్న ఒక పెద్దమనిషి పత్రికలో రాశాడు. ఆయన సంగతికి వస్తాను.

లచ్చమ్మక్క మా వాడకట్టు మనిషి. కాస్త సొంత చెలక భూమి, మిగతా కాలం కూలి. నాకు తోడబుట్టినది కాదు గానీ, మా అమ్మ పోయాక నన్ను కసిరే హక్కు ఆమే తీసుకుంది. నేను బడికి పోనివాణ్ని. సైకిళ్లు బాగుచేస్తూ, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి తెలుగూ హిందీ పట్టాను. నేర్చుకున్న ప్రతి ముక్కతోనూ ఎవరితోనో ఒకరితో తగువు పడేవాణ్ని. "నీకు చదువు రాలే తమ్మీ, నోరొచ్చింది" అనేది అక్క.

మా వైపు నాట్లప్పుడు ఆడవాళ్లు రెండు వరుసలుగా నిలుస్తారు. ఒక వరుస చరణం ఎత్తి ఆగుతుంది. ఎదుటి వరుస అందుకుని బదులు పాడుతుంది. బదులు రాకుండా రెండో చరణం ఎత్తరు. ఎత్తేది ఎప్పుడూ లచ్చమ్మక్కే. గొంతు ఎంత పైకి పోయినా పగిలేది కాదు. ఎదుటి వరుసకు పెద్ద ఆమె తోటికోడలు మల్లక్క.

ఆ గొంతు సంగతి తెలిసి ఒక అధికారి జీపులో వచ్చి, జగదల్‌పూర్‌లో జరిగే పాటల ఉత్సవానికి రమ్మన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. "మేమందరం వస్తం సాబ్" అంది. "ఒక్కరే. వేదిక మీద చోటు ఒక్కరికే" అన్నాడాయన హిందీలో. నేను దాన్ని తెలుగులో చెప్పాను, నా తిట్లు రెండు కలిపి.

మల్లక్క మూతి తిప్పుకుంది. "పో, పోయి రా. మేమెందుకు, గడ్డి పీకనీకి ఉన్నంగా."

తోడుగా నేను వెళ్లాను. అక్క వేదికెక్కి చరణం ఎత్తి, అలవాటు ప్రకారం ఆగింది. సభలో ఎవరూ అందుకోలేదు. కాసేపు జనంలోకి చూసి, చేసేదిలేక రెండోది ఎత్తింది. మళ్లీ ఆగింది. పాటంతా అలా ఎదురుచూస్తూనే అయిపోయింది. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు.

మర్నాడు హిందీ పత్రికలో విమర్శ వచ్చింది. గొంతు అడవి కోకిలదట. తొలి వేదిక కదా, భయపడి చరణం చరణానికీ పాట మరిచిపోయిందట. శిక్షణ ఇప్పించాలట. ఎప్పుడు చూసినా వీళ్లకు మేం పిట్టలమో జింకలమో! పాట మరిచిన మనిషి తల దించుకుంటుంది కదయ్యా, ఆమె మీ మొహాల్లోకి చూసిందే, అదైనా కనపడలేదా?

మా కన్నా ముందే ఆ మాట కొంటా చేరింది. హోటల్ దగ్గర నవ్వినవాళ్లను అక్క పట్టించుకోలేదు. ఆమెను కోసింది పొలంలో మల్లక్క వరుస మౌనం. తమను వదిలి పోయిందని వాళ్ల కోపం. ఎత్తితే అందుకోరేమోనన్న భయంతో అక్క పాట ఎత్తడమే మానేసింది. నాట్లు మూగగా సాగాయి.

నేను ఊరుకుంటానా? పత్రికకు పొడుగాటి జవాబు రాసి, పొలం గట్టు మీద నిలబడి అక్కకు చదివి వినిపించాను. ఆమె నారు కట్ట చేతపట్టుకుని అంతా విన్నది.

"మధ్యల ఊపిరి తీసుకున్నవా తమ్మీ? ఇందుల ఆయన మాట్లాడనీకి సందేది?"

"ఆయన మాట్లాడేది ఏందక్కా! నువ్వు పాట మరిచినవని రాసిండు!"

"ఆయనకేం ఎరుక? ఆగితే అందుకోవాలని చూపెట్టేటోళ్లను ఇంటికాడ ఇడిసి పోయిన. తప్పు నాదే."

ఆ చివరి మాట ఆమె నన్ను చూసి అనలేదు, మల్లక్క వరుస వైపు తిరిగి అంది. అని, నడుం నిటారు చేసి చరణం ఎత్తింది. ఆగింది.

ఎదుటి వరుస తల ఎత్తలేదు. బురదలో నారు గుచ్చే చప్పుడు తప్ప ఏమీ లేదు. "అందుకోండే!" అని అరవబోయాను. అక్క బురద చెయ్యెత్తి నన్ను ఆపింది. జగదల్‌పూర్‌లోలా ఈసారి రెండోది ఎత్తలేదు. నిలబడే ఉంది.

చివరికి మల్లక్క, వంగినది వంగినట్టే, "ఆడ గూడ గిట్లనే నిలబడ్డవా, చేప కోసం కొంగ నిలబడ్డట్టు?" అంది.

"గిట్లనే నిలబడ్డ. మీరు యాడ సచ్చిన్రే?"

ఎవరో కిసుక్కుమన్నారు. మల్లక్క ముందు సణుగుతున్నట్టుగా అందుకుంది, తర్వాత వరుసంతా అందుకుంది. అక్క కళ్లు తుడుచుకోబోయి మొహమంతా బురద చేసుకుంది.

నేను రాసిందంతా చించేసి ఒక్క ముక్క పంపాను: నాట్లకు ఒకసారి రండి అని. ఆ విమర్శకుడు రాలేదు. కిందటి ఎండాకాలం అక్క పోయింది.

నా కోపం చల్లారిందనుకోకండి. ఇప్పటికీ ఆఫీసులకు పోతాను, గొంతు పెంచుతాను. కానీ ఒక మాట అన్నాక ఆగుతాను. ఎదుటివాడు కాగితాలు తిరగేస్తూ కూర్చుంటాడు. నోట్లో రెండో మాట మండుతూ ఉంటుంది. మింగి, అతని మొహంలోకి చూస్తూ నిలబడతాను.