కొబ్బరినీళ్ల పేజీ

ఆసుపత్రిలో కళ్యాణిని మొదట కొట్టింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

నానక్‌రామ్‌గూడ దగ్గర ఒక పెద్ద ఆసుపత్రిలో నేను చీఫ్ డైటీషియన్‌ని. పేరు భార్గవి, ఊరు జమ్మలమడుగు, నోరు మంచిది కాదని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన రెండో వారంలో, కిచెన్‌లో కళ్యాణి షుగర్ పేషెంట్ ట్రేని పక్క బెడ్‌కి పంపబోయింది. చేతిలో ఉన్న గరిటెతో వేళ్ల కణుపుల మీద ఒక్కటిచ్చాను. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ట్రే మీద కార్డు మార్చి, "ఇప్పుడు కరెక్టేనా మేడమ్" అంది. ఏడవనందుకు నాకు ఇంకా ఒళ్లు మండింది.

దెబ్బలు ఆమెకు కొత్త కాదని తర్వాత తెలిసింది. తండ్రి పెంటయ్య ఒక టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. అన్న సంతోష్ క్యాబ్ నడుపుతాడు. ఇంటర్ బైపీసీ తర్వాత డాక్టర్ సీటుకు ర్యాంకు రాక, కళ్యాణి న్యూట్రిషన్‌లో బీఎస్సీ చేరింది. "వంట నేర్చుకోనీకి మూడేండ్ల కాలేజీ ఏంది" అని సంతోష్ నవ్వాడు. ఎమ్మెస్సీ కూడా చదువుతానన్న రోజు బెల్టు తీశాడు. అదీ అయ్యాక, ఇంకో ఆరు నెలలు జీతం లేకుండా దవాఖానలో పనిచేయాలని చెప్పిన రోజు ఆమె తలను గోడకేసి కొట్టాడు. ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే నా దగ్గర చేరింది. బాత్రూంలో జారిపడ్డానంది. నేను నమ్మినట్టు నటించాను.

సంతోష్‌కి అర్థం కానిది ఒకటుంది. ఇక్కడ సందుకొక జిమ్, ప్రతి జిమ్‌లోనూ ఆరు వారాల కోర్సు చేసి డైట్ చార్టులు రాసే మొనగాడు. రిజిస్టర్డ్ డైటీషియన్, అంటే ఆర్‌డీ, అని పేరు పక్కన రాసుకోవాలంటే మాత్రం డిగ్రీ కావాలి, పీజీ కావాలి, ఆసుపత్రిలో ఆరు నెలలు కావాలి. ఆ ఆరు నెలల్లో చూసిన కేసులన్నీ లాగ్‌బుక్‌లో రాసి, నాలాంటి ఆర్‌డీ చేత సంతకం పెట్టించుకోవాలి. అప్పుడే పరీక్ష. నా సంతకం లేకపోతే కళ్యాణి అయిదున్నరేళ్ల చదువు, తిన్న దెబ్బలు అన్నీ వృథా. ఆ అధికారం నాకు బాగానే ఉండేది.

కళ్యాణి ఆరు నెలలు పూర్తవడానికి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయనగా నారాయణప్ప వాంతులతో, జ్వరంతో చేరాడు. నల్లగండ్లలో కొడుకు దగ్గర ఉంటున్న మా వైపు మనిషి. భార్య ఓబులమ్మ నా యాస ఇట్టే పట్టేసింది. "జమ్మలమడుగేనా తల్లీ, మాది ముద్దనూరు. ఆయప్పకు టెంకాయ నీళ్లు తాపొచ్చునా?" అని అడిగింది. మా వైపు జబ్బు మనిషికి టెంకాయ నీళ్లు తాపకపోతే ఏమీ చేయనట్టే లెక్క. రక్తపరీక్షలు ఇంకా రాలేదు, ఆగమని చెప్పాలి. కానీ ఊరి మాట వినగానే కరిగిపోయాను. "తాపమ్మా, దినానికి రెండుసార్లు తాపు" అన్నాను. చీటీ మీద తెలుగులో రాసి కూడా ఇచ్చాను.

మర్నాడు రిపోర్టులు వచ్చాయి. కిడ్నీలు పాడయ్యాయి, రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉంది. అలాంటి మనిషికి కొబ్బరినీళ్లు పోస్తే ఆ పొటాషియం ఇంకా పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఫైల్లో డైట్ మార్చి, కొబ్బరినీళ్లు వద్దని ఇంటివాళ్లకు చెప్పమని కళ్యాణిని పంపాను. నా చీటీ సంగతి మాత్రం మరిచిపోయాను. కళ్యాణి రెండుసార్లు చెప్పింది. ఓబులమ్మ రెండుసార్లూ తల ఊపింది. తన ఊరివైపు పెద్ద మేడమ్ రాసిచ్చిన కాగితం చేతిలో ఉండగా ఈ పిల్ల మాట ఆమె ఎందుకు వింటుంది?

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల బండితో వెళ్లిన కళ్యాణి, నారాయణప్ప నోటి దగ్గర గ్లాసు చూసింది. మూడు రోజులుగా తాపుతున్నానని ఓబులమ్మ అనగానే లాక్కుని సింకులో పారబోసింది. కొడుకు యశ్వంత్ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, మెడలో ఐడీ కార్డుతో పక్కనే ఉన్నాడు. "మా నాయన నోటికాడిది గుంజుకుంటావా" అని చెంప పగలగొట్టాడు. జుట్టు పట్టుకుని తలను భోజనాల బండికేసి బాదాడు. కనుబొమ్మ పాత కుట్ల దగ్గరే చీలింది. పొగలు కక్కుతున్న పప్పు ఆమె కుడిచేతి మీద ఒలికింది. కింద పడితే బూటుకాలితో డొక్కలో తన్నాడు. నేను తలుపు దగ్గరకు వచ్చేసరికి మళ్లీ తన్నాడు. నా అరుపులు వాడు వినలేదు. ఇద్దరు వార్డుబాయ్‌లు పెడరెక్కలు విరిచి పట్టుకుంటే గానీ ఆగలేదు.

నేల మీద రక్తంలో పడి ఉన్న కళ్యాణి నర్సు వైపు తల తిప్పింది. "సిస్టర్, ఆయన ఈసీజీ చూడుండ్రి. మూడు దినాల సంది కొబ్బరినీళ్లు తాగుతుండు" అంది. అప్పటికే నారాయణప్ప నాడి పడిపోతోంది. ఇంజెక్షన్లు ఇచ్చి డయాలసిస్‌కి పరుగెత్తించారు. బతికాడు.

మర్నాడు సూపరింటెండెంట్ నన్ను పిలిచాడు. ఆసుపత్రి నిర్లక్ష్యమని యశ్వంత్ ఊరంతా చాటుతానంటున్నాడట. "ఇంటర్న్ సరిగ్గా చెప్పలేదని రాసేద్దామండి. మీరు ఆ అమ్మాయి లాగ్‌బుక్ మీద సంతకం పెట్టకండి, చాలు" అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చీటీ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ తెలియదనుకున్నాను.

నా గదిలో కళ్యాణి కూర్చుని ఉంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, కుడిచేతికి కట్టు. లాగ్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. ఆఖరి కేసు ఎడమచేత్తో వంకరటింకరగా రాసింది. చేరిన రోజు సలహా కొబ్బరినీళ్లు, ఇచ్చినవారు ఆర్‌డీ భార్గవి, ఆ సలహా రద్దయినట్టు కుటుంబానికి ఆవిడ చెప్పలేదు. పక్కనే నా చీటీ పిన్ను చేసి ఉంది. మందుల డబ్బా కింద దొరికిందట.

"దీని కింద సంతకం పెడితే నా గతేంటి?" అన్నాను.

"ఎవరు కొట్టిన్రో అండ్ల రాయలే మేడమ్. మా అన్నది రాయలే, యశ్వంత్ సార్‌ది రాయలే, మీ గరిటె రాయలే. పేషెంట్‌కు ఏం తాపిన్రో గదే రాసిన. గట్ల రాయాలని మీరే నేర్పిన్రు."

"ఆ పేజీ చింపెయ్. మిగతా అంతా ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

చింపనంది. కోపంతో నా చెయ్యి లేచింది. ఆమె వెనక్కి జరగలేదు. తెరుచుకున్న ఒక్క కంటితో నా చేతినే చూస్తూ, "కొట్టుండ్రి మేడమ్. పేజీ మాత్రం చింపను" అంది.

ఆ క్షణంలో నన్ను చూస్తే నాకే భయం వేసింది. ఆమె కంటికి సంతోష్, యశ్వంత్, నేను ఒక్కటే. చెయ్యి దించి, ఆ పేజీ కింద సంతకం పెట్టాను. పుస్తకం పట్టుకుని ఆమె వెంట సూపరింటెండెంట్ గదికి, అక్కడి నుంచి యశ్వంత్ మీద ఫిర్యాదు చేయడానికి పోలీస్ స్టేషన్‌కి నడిచాను. ఆ వారమే నా ఉద్యోగం పోయింది.

ఇప్పుడు మదీనాగూడలో చిన్న క్లినిక్‌లో కూర్చుంటున్నాను. కళ్యాణి పరీక్ష పాసై ఇంకో ఆసుపత్రిలో చేరింది. మొన్న ఫోన్ చేసింది. తన కింద మొదటి ఇంటర్న్ వచ్చిందట.

"కిచెన్‌ల ఒక రూల్ పెట్టిన మేడమ్" అంది. "వంటోళ్లు తప్ప ఇంకెవ్వరు గరిటె పట్టొద్దు. నేను గూడ."