రంగు మార్చిన ఓడ

"తిన్నవా?" అని అడిగిన. "తిన్న. డ్యూటీ అల్కగనే ఉంది, నువ్వు రంది వెట్టుకోకు" అన్నడు. మా ఆయనతోని గదే ఆఖరు మాట.

ఖతర్‌ల వరల్డ్ కప్ స్టేడియం కడుతుంటే పనికి పోయిండు. ఫోన్‌ల కనవడ్డప్పుడల్లా నిండు చేతుల తెల్లంగి, ఇస్త్రీ చేసింది. "ఏంది, ఆఫీసరువైనవా?" అని ఎక్కిరిచ్చేదాన్ని.

క్యాంప్‌ల ఓడల మీద పనిచేసిన ముసలాయన ఉండెనట. ఆయన చెప్పిన ముచ్చట ఒకపారి నాకు చెప్పిండు. ఎనకట యుద్ధంల సరుకు ఓడకు రంగు మార్చి, పేరు మార్చి, వేరే దేశం జెండా కట్టేటోళ్లట. పలకల ఎనక ఫిరంగులు దాచేటోళ్లట. చూసేటోళ్లకు బొగ్గు మోసే ఓడేనట.

"మరెట్ల గుర్తువడతరు?"

"దగ్గరికొచ్చినంక పలకలు తెరుస్తరు. అప్పటిదాంక తెల్వది."

మా ఆయన ఎండదెబ్బకు పోయిండు. శవప్పెట్టె తెరిస్తే చేతులు భుజాల దాంక కమిలి ఉన్నయి. తెల్లంగి లేదు. పెట్టె ఎంబడి వచ్చిన దోస్తును అడిగిన.

"అది రూమోళ్లందరిది వదినా. ఇంటికి ఫోన్ చేసేటోడు ఏసుకుంటడు."

రాసినవా బిడ్డా? మొదటికెళ్లి సదువు. మీ నాయిన "తిన్న" అన్నకాడ జెర మెల్లగ సదువు.